మొదటి చెంబు

నూతిలోకి దింపుతున్న సిమెంటు ఒర అంచు కింది ఇసుకని యేసురత్నం గిన్నెతో తోడి గంపలో పోశాడు. గిన్నె అంచు అరిగి పలచబడింది. ఒకే చోట తోడితే ఒర ఆ పక్కకి వాలిపోతుంది. అందుకని చేతికి అందినంత మేర తోడి, గొంతుక్కూర్చునే కొంచెం జరిగి, మళ్ళీ తోడతాడు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఒర తన బరువుకి తానే దిగుతుంది. దిగినప్పుడు చప్పుడు కాదు. వీపుకి ఆనుకున్న సిమెంటు కదిలినట్టు తెలుస్తుంది, అంతే.

గంప నిండింది. తాడుకి జారుముడి వేసి రెండుసార్లు గుంజాడు. పైన లోవరాజు గిలక మీదుగా తాడు లాగి, గంపని గట్టు మీదికి తీసుకుని, ముడి కొస పట్టి ఒక్క లాగు లాగాడు. ముడి ఊడింది. ఇసుక కుప్ప మీద పడింది. యేసురత్నం వేసిన జారుముడి బరువు మోస్తున్నంతసేపూ బిగుసుకుంటుంది, కొస లాగితే మాత్రం మారు మాట లేకుండా ఊడొస్తుంది. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి లోవరాజు ఈ సంగతి చెబుతూ ఉంటాడు.

కింద దగ్గు మొదలైంది. ఒరల మధ్య అది పెద్దదై పైకి వచ్చింది.

“నువ్వు దగ్గుతున్నావో నుయ్యి దగ్గుతోందో తెలీడం లేదు బాబాయ్,” అన్నాడు లోవరాజు.

యేసురత్నం దగ్గు ఆగాక ఖాళీ గంప కోసం చెయ్యి చాచాడు.

1983 వేసవి. కాలువలు కట్టేశారు. కాలువల్లో నీళ్ళు లేని ఈ నెలన్నరలోనే కోనసీమలో కొత్త నూతులు దింపుతారు. భూమిలో నీళ్ళు అడుక్కి పోయి ఉంటాయి కాబట్టి ఇప్పుడు పడిన నీళ్ళు ఏడాది పొడుగునా ఉంటాయి. యేసురత్నం ఈ నెలన్నరా నూతులు దింపుతాడు, మిగతా రోజుల్లో కొబ్బరికాయలు వలుస్తాడు. ఇప్పుడు ఊళ్ళలోకి చేతిపంపులు వచ్చాయి. గొట్టాలు దించేవాళ్ళు అమలాపురం నుంచి లారీలో వస్తారు, ఒక పూటలో పని ముగించుకుని వెళ్ళిపోతారు. ఈ ఏడాది అతన్ని పిలిచింది బుచ్చిరాజు గారొక్కరే.

బుచ్చిరాజు గారి దొడ్లో పాత నుయ్యి ఒకటి ఉంది. అదీ యేసురత్నం దింపిందే. ఆయిల్ ఇంజను పెట్టి కొబ్బరితోటకి తోడించడం మొదలుపెట్టాక అందులో నీళ్ళు ఉప్పు తిరిగాయి. ఇక్కడ నేలకింద తీపినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. పైన తోటమన్ను, దాని కింద ఒండ్రు, దాని కింద ఇసుక. ఇసుకలో తీపినీళ్ళు. ఇసుక దాటితే గుల్లలు కలిసిన నల్లబంక. గుల్ల కనబడితే చెయ్యి ఆపెయ్యాలి. ఇంకో గిన్నె తోడితే సముద్రం వస్తుందని యేసురత్నం తండ్రి చెప్పేవాడు. యేసురత్నం తన కొడుక్కి అదే చెప్పాడు.

కొడుకు ఆనందరావు ఈ రోజు మధ్యాహ్నం వెళ్ళిపోతున్నాడు. మిలట్రీలో సర్వీసు పూర్తయి ఫిబ్రవరిలో ఇంటికొచ్చాడు. విశాఖపట్నంలో ఒక గిడ్డంగికి కాపలా ఉద్యోగం దొరికింది. రేపు డ్యూటీలో చేరాలి. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి, నర్సాపురంలో సాయంత్రం రైలెక్కాలి. ఇంట్లో ఉన్న ఈ రెండు నెలల్లో ఆనందరావు తండ్రితో పనికి రాలేదు. రమ్మని యేసురత్నం అడగలేదు. ఆనందరావు కాలువలో నీళ్ళున్నన్నాళ్ళూ కాలువలోనే స్నానం చేశాడు. కాలువ కట్టేశాక తల్లి నూతి దగ్గర నుంచి మోసుకొచ్చిన బిందెతో పోసుకున్నాడు.

పొద్దున్న బుచ్చిరాజు గారు కాఫీ తాగి గట్టు మీదికొచ్చారు. నూతి పని చూడడం ఆయనకి కాలక్షేపం. కొబ్బరిచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని కిందికి మాట్లాడతారు. కింద ఉన్నవాడి మొహం ఆయనకి కనిపించదు. ఆయన మొహం కింద ఉన్నవాడికి కనిపించదు.

“ఏరా రత్నం, విన్నావా? శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిందిట.”

“ఆయ్. ఎందుకండి అది?”

“ఉపగ్రహం పెట్టడానికని రేడియో వాడంటాడు. అది పెట్టగలిగినవాడు ఇంకోటి పెట్టలేడా? ఆ ఏడు మీవాడు పేల్చింది ఉంది చూడు, దాన్ని మోసుకుపోవడానికని నేనంటాను.”

మీవాడు పేల్చింది అని ఊరంతా అంటారు. అలా అనడం మొదలై తొమ్మిదేళ్ళయింది.

1973లో ఈస్టరు పండక్కి ఆనందరావు సెలవు మీద వచ్చాడు. అప్పటికి మిలట్రీలో చేరి కొన్నేళ్ళయింది. ఇంజనీర్ల దళంలో వేశారు. ఏం పని చేయిస్తున్నారని తండ్రి అడిగితే ఎడారిలో నుయ్యి తవ్వుతున్నాం అన్నాడు. యేసురత్నం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నవ్వాడు. అతని భార్య దానమ్మ కూడా నవ్వింది. నూతి బురద వద్దని పారిపోయినవాడికి గవర్నమెంటు మళ్ళీ నుయ్యే ఇచ్చింది. ఎంత లోతు పోయారని యేసురత్నం అడిగాడు. చెప్పకూడదు అన్నాడు ఆనందరావు. నూతి లోతు చెప్పకూడదేమిట్రా అని యేసురత్నం మళ్ళీ నవ్వాడు. తాడు అందదు నాన్నా, అన్నాడు ఆనందరావు. అంత లోతున కూడా చుక్క తగల్లేదన్నాడు. అప్పుడు యేసురత్నం నవ్వడం మానేశాడు. గుల్ల కనబడిందా అని అడిగాడు. గుల్ల కనబడితే ఆగిపోమని మీ ఆఫీసరు గారికి చెప్పు అన్నాడు.

ఆదివారం గుడిలో లేచి నిలబడి మొక్కుకున్నాడు. అతను మొక్కుకున్నది మొదటి చెంబు.

నీళ్ళు తగిలి నుయ్యి పడ్డ రోజున మొదటి చెంబు నుయ్యి దింపినవాడిది. ఇది ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉన్న ఆనవాయితీ. ఇంటి ఇల్లాలు కొత్త తాడుతో నీళ్ళు చేది, దింపినవాడు తెచ్చుకున్న చెంబులో పోస్తుంది. అతను తాగాకే ఇంట్లోవాళ్ళు తాగుతారు. ఆ తర్వాత అతను ఆ నూతి గట్టు ఎక్కకూడదు. తాడు ముట్టుకోకూడదు. దాహమేస్తే దూరంగా నిలబడి దోసిలి పట్టాలి, ఎవరైనా పోస్తే తాగాలి. యేసురత్నం దింపిన నూతులన్నిటిలోనూ అతను తాగింది ఒక్కో చెంబే. వాటి రుచి మాత్రం అతనికి గుర్తు. ఫలానావారి నుయ్యి కొంచెం వగరు, ఫలానావారిది కొబ్బరినీళ్ళలా ఉంటుందని ఇప్పటికీ దానమ్మకి చెబుతాడు.

మావాడు వాడి నూతిలో మొదటి చెంబు తాగేదాకా నా మొదటి చెంబు నేను ముట్టను ప్రభువా, అని ఆ ఆదివారం అతను గుడిలో అన్నాడు. ఆ ఎడారి నూతిలో నీళ్ళు పడాలని పేట మొత్తం ఆదివారం ఆదివారం ప్రార్థన చేసింది.

మరుసటి ఏడు మే నెలలో మిషన్ స్కూలు ప్రకాశరావు మాస్టారు గుడి వరండాలో పేపరు చదివి వినిపించారు. రాజస్థాన్ ఎడారిలో, పోఖ్రాన్ దగ్గర, భూమి లోపల చాలా లోతున అణువుని పేల్చారు. అంత లోతు గొయ్యి తవ్వింది ఎవరై ఉంటారు? మన ఆనందరావు ఉన్నది అక్కడే కదా అని మాస్టారే పోల్చి చెప్పారు. జనం యేసురత్నం కేసి తిరిగారు. బాంబా అండి అని ఎవరో అడిగారు. మాస్టారు పేపరు మళ్ళీ చూసి, బాంబు కాదు, శాంతియుత ప్రయోజనాల కోసం అని రాశారు, అన్నారు. గనులు తవ్వడానికి, కాలువలు తవ్వడానికి, భూమిలో నీళ్ళకీ నూనెకీ పనికొస్తుంది. ఆయుధాలు చేసే ఉద్దేశం ప్రభుత్వానికి లేదు.

యేసురత్నానికి ఈ మాట అర్థమైంది. వయసులో ఉండగా అతను పెద్దాపురం వైపు మెట్ట నూతుల్లో పని చేశాడు. అక్కడ రాయి అడ్డొస్తే తొలిచి మందు కూరి పేలుస్తారు. రాయి పగిలితే కింద నీళ్ళుంటాయి. ఎడారిలో ఎంత రాయి అడ్డొచ్చిందో అంత మందు పెట్టారు. ఇక నీళ్ళు పడతాయి.

ఆ వారం బుచ్చిరాజు గారు అతన్ని పిలిపించి పూతరేకులు పెట్టి అరుగు మీద కూర్చోమన్నారు. అతను అరుగు అంచున కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ కూర్చోమనలేదు.

ఆనందరావు సెలవుకి వచ్చినప్పుడల్లా తండ్రి అదే అడిగాడు. నీళ్ళు పడ్డాయా? కొడుకు అటు తిరిగి, ఆ పని గురించి మాట్లాడకూడదు నాన్నా అని అదే చెప్పాడు. ఏటా వేసవిలో నూతులు పడ్డాయి. ఏటా ఇల్లాళ్ళు చెంబు నింపారు. యేసురత్నం ఆ చెంబు కళ్ళకద్దుకుని, గట్టు మీద పెట్టి, పలుగూ పారా కడుక్కుని వెళ్ళిపోయాడు. కళ్ళకద్దుకున్నాడు కాబట్టి తాగినట్టే లెక్కేసుకుని, అతను దూరం వెళ్ళాక ఆ నీళ్ళు పాలేరు చేత చెట్టు మొదట్లో పోయించి చెంబు పంపించేవారు. మొక్కు ఏమిటో మొదట్లో అందరికీ తెలుసు. తర్వాత్తర్వాత అది అతని పద్ధతి అనుకున్నారు.

“మీరు చెప్పేది బాంబండి,” అన్నాడు యేసురత్నం కింద నుంచి. “మావాడిది నుయ్యండి.”

బుచ్చిరాజు గారు నవ్వారు. “ఒరే, మా హాల్లో తుపాకీ చూసేవా?”

“ఆయ్. చూసేనండి.”

“మా నాన్నగారి నాటిది. ఎప్పుడైనా పేలడం విన్నావా? వినలేదు. లైసెన్సుకి రాజోలు తీసుకెళ్ళే రోజున మాత్రం భుజాన వేసుకుని బజారు మీదుగా నడిచే వెళ్తాను. తోటలో కాయ పోదు. ఎందుకు పోదు? ఉందని అవతలివాడికి తెలుసు కాబట్టి. పేల్చక్కర్లేదురా. ఉందని తెలిస్తే చాలు. గవర్నమెంటు పాలసీ కూడా అదే. పైకి చెప్పరు.”

కింద గిన్నె ఇసుకలో దిగిన చప్పుడైంది. “నుయ్యి ఉందని తెలిస్తే దాహం తీరదు కదండి.”

“అందుకే నువ్వు నూతిలో ఉన్నావు, నేను గట్టు మీద ఉన్నాను.”

లోవరాజు నవ్వాడు. కింద యేసురత్నం కూడా నవ్వాడు. నవ్వు దగ్గయింది. అది ఆగేదాకా చూసి, బుచ్చిరాజు గారు కుర్చీ తీయించమని చెప్పి లోపలికి వెళ్ళారు.

ఎండ నెత్తి మీదికొచ్చేసరికి నూతి అడుగున ఒక్కసారి వెలుగు పడుతుంది. అప్పుడే యేసురత్నం ఇసుక రంగు సరిగా చూసుకుంటాడు. ఇంకా పొడిగా ఉంది. కాలి కింద మాత్రం చల్లబడింది. నీళ్ళు దగ్గర్లోనే ఉన్నాయి. ఛాతీలో ఎడమవైపు పొద్దుటి నుంచి పట్టేసినట్టుంది. రాజోలు డాక్టరు నూతిలోకి దిగొద్దన్నాడు. ఇదొక్కటి దింపి మానేస్తానని దానమ్మకి చెప్పి వచ్చాడు.

పైన మాటలు వినబడ్డాయి. లోవరాజు ఎవరినో మిలట్రీ, మిలట్రీ అని పిలుస్తున్నాడు. నువ్వెళ్ళిపోతే ఇక మాకు దిక్కెవరు, పాకిస్తాన్ వాడొస్తే మా బాబాయ్ గిన్నెతో ఆపుతాడా అంటున్నాడు. తర్వాత ఆనందరావు గొంతు. వెళ్ళి బీడీ కాల్చుకుని రమ్మని లోవరాజుకి చెప్పాడు.

వెలుగు తగ్గింది. యేసురత్నం తలెత్తాడు. ఒరల పైన గుండ్రంగా ఆకాశం, అందులో కొడుకు తల. ఆనందరావు గట్టు మీద బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు చేతులతో గట్టు అంచు పట్టుకున్నాడు.

“బట్టలు మాసిపోతాయిరా.”

“పోనీ నాన్నా. అమ్మ రాత్రి చెప్పింది. నువ్వు పదేళ్ళనుంచి చెంబు ముట్టడం లేదట గదా?”

యేసురత్నం ఇంకో గిన్నెడు ఇసుక గంపలో పోశాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“మొక్కు దేవుడికి చెప్తారు గానీ, నీకెందుకు చెప్తారు?”

ఆనందరావు వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు. నూతిలో గొంతు తగ్గించినా మాట పెద్దగానే వినబడింది.

“నీళ్ళు పడ్డాయి నాన్నా.”

యేసురత్నం గిన్నె కింద పెట్టాడు.

“నువ్వు మొక్కుకున్న ఏడాదే. క్రిస్మస్ వెళ్ళేక. అడుగున నేనే ఉన్నాను. మోకాళ్ళదాకా వచ్చేసేయి.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పవేంట్రా?”

“చెప్పకూడదు. ఇప్పుడూ చెప్పకూడదు. అమ్మక్కూడా చెప్పకు.”

“నూతిలో మాట నూతిలోనే ఉంటుంది. తీపా, ఉప్పా?”

ఆనందరావు మళ్ళీ వెనక్కి తిరిగి చూశాడు.

“తీపా ఉప్పా అంటుంటే.”

“తాగలేదు నాన్నా. ఎవరూ తాగలేదు. మేం కేకలేసుకుంటూ పైకొచ్చేం. పైన ఆఫీసర్లు ఎవరూ నవ్వలేదు. ఒకాయన తల పట్టుకుని కూలబడ్డారు. మాకేం అర్థం కాలేదు. మర్నాడు దాన్ని వదిలెయ్యమన్నారు. పూడ్చేసేం.”

“నీళ్ళు పడ్డ నుయ్యి.”

“ఆయ్.”

“పూడ్చేరా.”

“వాళ్ళకి కావలసింది నీళ్ళు లేని చోటు నాన్నా. తర్వాత నూతులు ఎండిపోయి జనం వదిలేసిన ఊరొకటి వెతికేరు. అక్కడ తవ్వేం. అక్కడ చుక్క పడకుండా ఉంటే చాలన్నారు. పడలేదు.”

వెలుగు గోడ మీదికి జరిగింది. యేసురత్నం తన కాళ్ళ కింది ఇసుక కేసి చూస్తూ కూర్చున్నాడు. ఉప్పునీళ్ళు పడిన నూతిని కూడా ఎవరూ పూడ్చరు. పశువులకి వదిలేస్తారు. పూడ్చిన నుయ్యి గురించి అతను తండ్రి దగ్గర కూడా వినలేదు. పేటలో ఏడాదిపాటు చేసిన ప్రార్థన ఫలించింది. ఫలించిందని పేటలో ఎవరికీ చెప్పడానికి లేదు.

“పూడ్చిన వాళ్ళల్లో నువ్వున్నావా?”

“ఉన్నాను.”

ఆనందరావు ఇంకొంచెం ముందుకి జరిగాడు. “పడ్డాయి గదా నాన్నా. మొక్కు తీరింది. ఇవాళ నుయ్యి పడితే తాగెయ్యి. అది చెబుదామనే వచ్చేను.”

“నీళ్ళు పడేదాకా అని మొక్కలేదురా. నువ్వు మొదటి చెంబు తాగేదాకా అని మొక్కేను.”

ఆనందరావు తల గట్టు అంచుకి ఆనించాడు. మట్టి కొంచెం రాలి తండ్రి భుజం మీద పడింది.

“ఒక పని చెయ్యి,” అన్నాడు యేసురత్నం. “సాయంత్రానికి ఇది పడుతుంది. కాలికింద తెలుస్తోంది. ఇంటావిడ రాజ్యలక్ష్మమ్మగారు చెంబు పోస్తారు. అది నువ్వు తాగు. నా నుయ్యయితేనేం, నీ నుయ్యయితేనేం. నువ్వు తాగేక మిగిలింది నేను తాగుతాను. రేప్పొద్దున్న వెళ్దువుగాని.”

“కొత్త ఉద్యోగం నాన్నా. రేపు చేరకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు.”

“ఒక్క పూట.”

“పంటు దాటాలి. రైలు అందదు.”

“ఆయ్,” అన్నాడు యేసురత్నం.

ఆనందరావు ఇంకా కాసేపు అలాగే పడుకుని చూశాడు. పైకి రా నాన్నా, ఇక చాలు అన్నాడు. ఒర మధ్యలో వదిలేస్తే వాలిపోతుందని యేసురత్నం చెప్పాడు. జాగ్రత్తగా వెళ్ళమన్నాడు. అన్నం వేళకి తినమన్నాడు. తల తప్పుకుంది, ఆకాశం మళ్ళీ గుండ్రంగా నిండింది. చొక్కా దులుపుకున్న చప్పుడు, ట్రంకుపెట్టె ఎత్తుకున్న చప్పుడు వినబడ్డాయి. యేసురత్నం గిన్నె తీసుకుని, ఆగిన చోటు నుంచి తోడడం మొదలుపెట్టాడు.

ఎండ వాలేక నీళ్ళు పడ్డాయి. ముందు ఇసుక తడిసింది. తర్వాత కాలివేళ్ళ మధ్య నుంచి ఊరడం మొదలైంది. అతను ఆగలేదు. నీళ్ళు ఊరుతున్నప్పుడు ఇసుక పొంగుతుంది, ఆ కాస్త సేపట్లోనే ఒరని దాని చోటుకి దింపాలి. మోచేతులదాకా నీళ్ళలో పెట్టి అంచు చుట్టూ తోడాడు. ఒర దిగి కూర్చుంది. గుల్ల తగల్లేదు. చెయ్యి ఆపేశాడు.

బురదనీళ్ళు బొక్కెనతో రెండుసార్లు తోడి పోశారు. తేరాక లోవరాజు నాలిక తడుపుకుని ఉమ్మేశాడు. పదేళ్ళుగా రుచి చూసే పని అతనిదే. తీపే బాబాయ్, అన్నాడు. యేసురత్నం తాడు చివర కట్టిన చెక్క మీద కూర్చున్నాడు. లోవరాజు లాగాడు. మధ్యలో ఒకసారి ఆగి, పొద్దుటికంటే బరువెక్కేవు, నూతిలో ఏం తిన్నావు అన్నాడు. యేసురత్నం తాడుకి తల ఆనించుకున్నాడు. పైకొచ్చాక యేసురత్నం గట్టు పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి.

బుచ్చిరాజు గారి భార్య రాజ్యలక్ష్మి గారు కొత్త తాడు, పసుపు రాసిన బొక్కెన తెచ్చారు. నీళ్ళు చేది, గట్టు మీద పెట్టి ఉన్న యేసురత్నం చెంబులో, తన బొక్కెన దానికి తగలకుండా పైనుంచి పోశారు. చెంబు సత్తుది. పొట్ట మీద సొట్ట ఉంది. నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి.

“ఈసారీ అంతేనా రత్నం?” అన్నారు ఆవిడ. “ఇదే ఆఖరిదంటున్నావుట. తాగరాదా? మళ్ళీ...” అని ఆగిపోయారు.

యేసురత్నం చెంబు కళ్ళకద్దుకున్నాడు. ఎప్పటిలా వదిలేసి వెళ్ళలేదు. పెరట్లో అరిటాకు ముక్క ఒకటి కోసి ఇప్పించమని అడిగాడు. చెంబు మూతికి ఆకు కప్పి, పీచుతాడు చుట్టూ తిప్పి, జారుముడి వేశాడు.

“ఏంటది?” అన్నారు ఆవిడ.

“మావాడికండి. ఈసారి వచ్చినప్పుడు తాగుతాడండి.”

“అన్నాళ్ళు నిలవుంటాయా?”

“నూతినీళ్ళండి. ఉంటాయండి.”

ముడి వేయడం అయ్యాక కొస ఒకటి కాస్త పొడుగ్గా వదిలాడు. చెంబు గట్టు మీద పెట్టి, కొంచెం కూర్చుని వెళ్తానని చెప్పి, కొబ్బరిచెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. లోవరాజు గిలక విప్పాడు, తాడు చుట్టాడు, పలుగూ గిన్నే కడిగాడు. కడుగుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. మిలట్రీ ఈపాటికి పంటు దాటి ఉంటాడన్నాడు. విశాఖపట్నంలో సముద్రం పక్కనే ఉద్యోగమట, అక్కడ నుయ్యి తవ్వితే పలకరించేది ఉప్పేనన్నాడు. నువ్వు పని మానేస్తే నేను కల్లుగీతకి పోతాను, చెట్టెక్కడమైతే దగ్గు వినక్కర్లేదన్నాడు. వెళ్దామా బాబాయ్ అన్నాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

శవాన్ని పేటకి చేర్చడానికి బుచ్చిరాజు గారు బండి కట్టించారు. దానమ్మ పేట నుంచి వచ్చి బండి పక్కనే నడిచింది. ఏడవలేదు. ఒళ్ళు ఇంకా తడిగానే ఉందని రెండుసార్లు అంది. లోవరాజు ఆనందరావుకి టెలిగ్రాం ఇవ్వడానికి రాజోలు వెళ్ళాడు. రైలు అప్పటికే నర్సాపురం నుంచి కదిలిపోయింది.

ఆ హడావుడిలో చెంబు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దీపాలు పెట్టాక రాజ్యలక్ష్మి గారు చూశారు. మొదటి చెంబు తాగకుండా ఇంట్లోవాళ్ళు కొత్త నూతి నీళ్ళు వాడుకోకూడదు. ఏటా అతను వదిలేసి వెళ్ళిన చెంబు వేరు, కొడుక్కని మూత కట్టిన ఈ చెంబు వేరు. ఆ చెంబు వాళ్ళు ముట్టుకోనూ కూడదు. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ భర్తని పిలిచారు. ఆయన కూడా వచ్చి గట్టుకి కొంచెం దూరంలో నిలబడ్డారు. కొడుకు వస్తాడుగా, వచ్చేదాకా ఉండనీ అన్నారు.

చెంబు గట్టు మీద ఉంది. అరిటాకు చెంబు మూతికి అంటుకుపోయింది. ముడి కొస గట్టు అంచు దాటి కిందికి వేలాడుతోంది, ఎవరైనా ఒక్క లాగు లాగితే ఊడొచ్చేలా.